నల్లసామి నాయక్కరి ఎర్రచుక్క

నల్లసామి నాయక్కరికి మతి చలించిందని తమిళనాట కోవిల్‌పట్టిలో సగం మంది అన్నారు. అది నిజం కాదు. మతి చలించినవాడు మొక్కజొన్న ధర పడిపోకముందే సరుకు అమ్ముకోలేడు; ఆయన ఏటా అమ్ముకునేవాడు. కయత్తారులో గాలిమర కింద నిలబడి పైకి చూడగా చూడగా మెడ పట్టేసిందని, ఇక దించలేకపోతున్నాడని మరికొందరన్నారు. అదీ నిజం కాదు. విస్తరి ముందు కూర్చుంటే ఆ మెడ చక్కగా వంగేది. శివకాశిలో ఎవరో బాణసంచా వ్యాపారి కొత్త సరుకుకు ఆయనచేత ఊరికే ప్రచారం చేయించుకుంటున్నాడన్నది మూడో వాదం. నల్లసామిచేత ఊరికే ఏ పనైనా చేయించగలవాడు ఈ భూమి మీద లేడని ఆయన భార్య సీనియమ్మాళ్ ఏ గుడిలోనైనా ప్రమాణం చేస్తుంది. ఇక నాలుగో మాట అన్నిటికంటే కఠినమైనది: ఆయనకు గుండె లేదని. ఈ మాట అన్నది పరాయివాళ్లు కాదు. తోడబుట్టిన అక్క, గాంధిమతి టీచరు. ఆమె సాక్ష్యం చూడకుండా తీర్పు చెప్పే మనిషి కాదు. అయినా ఆ ఒక్కసారి చెప్పింది.

నిజమైన సంగతి ఒక్కటే. తిరువాదిరై నక్షత్రం నేడో రేపో పేలిపోతుందని నల్లసామి చెప్పేవాడు. ఎవరికైనా చెప్పేవాడు, ఎప్పుడైనా చెప్పేవాడు, ఎవరేమడిగినా అదే సమాధానంగా చెప్పేవాడు.

ఆ విద్య ఆయనకు అక్క పెట్టిన భిక్షే. గాంధిమతి విరుదునగర్‌లో ఒక ఇంగ్లీషు మీడియం బడిలో జీవితకాలమంతా భౌతికశాస్త్రం బోధించి, విశ్రాంతి తీసుకుందామని తమ్ముడి పక్క ఇంటికి వచ్చి చేరింది. సంక్రాంతితో మొదలయ్యే తై మాసంలో ఒక సాయంకాలం, దీపాలు పెట్టే వేళ, ఇద్దరూ మిద్దె మీద ఉండగా తూర్పున మెరుస్తున్న ఎర్రటి చుక్కను చూపించి అదేమిటని తమ్ముడు అడిగాడు. ప్రశ్న అడిగినవాడికి పూర్తి సమాధానం ఇవ్వడం ఆమె నియమం.

"దాన్ని మనవాళ్లు తిరువాదిరై అంటారు, ఆర్ద్ర అంటారు. అది మామూలు చుక్క కాదు, మహానక్షత్రం. దాన్ని తెచ్చి సూర్యుడి చోట పెడితే మన భూమి, అంగారకుడు అన్నీ దాని కడుపులోనే ఉంటాయి. లోపల ఇంధనం అయిపోవస్తా ఉంది. పూర్తిగా అయిపోయిన నాడు దాని నడిమి భాగం కన్ను మూసి తెరిచేలోగా కుప్పకూలుతుంది. పైపొరలు పేలి చెదిరిపోతాయి. అప్పుడది అర్ధచంద్రుడంత వెలుగుతో, నెలల తరబడి, పట్టపగలు కూడా కనిపిస్తుంది. మనకు ఏ హానీ లేదు, అంత దూరం. శబ్దం రాదు, నడుమ గాలి లేదు కాబట్టి. అక్కడి వెలుగు మనదాకా రావడానికే కొన్ని వందల ఏళ్లు పడుతుంది, కాబట్టి అది ఇప్పటికే పేలిపోయి ఉండవచ్చు కూడా. లేదా లక్ష ఏళ్లకు పేలవచ్చు. రేపే పేలవచ్చు."

మంచి విద్యార్థి పాఠమంతా పట్టుకుంటాడు. చెడ్డ విద్యార్థి ఏదీ పట్టుకోడు. నల్లసామి మూడో రకంగా కనిపించాడు: 'రేపే' అన్న ఒక్క మాట పట్టుకుని మిద్దె దిగిపోయాడు.

మర్నాటి నుంచి ఇల్లు ఇల్లులా లేదు. ఆ ప్రాంతపు తెలుగు ఇళ్లలో మాటను నొక్కి చెప్పడానికి చివర 'దా' చేరుస్తారు; పేలుడును వెడి అంటారు, పేలడాన్ని వెడిచ్చడం అంటారు. ఆ మాట ఇంట్లో పొద్దున కాఫీతో మొదలై రాత్రి మజ్జిగతో ముగిసేది.

"ఏమయ్యా, కొళాయి కారతా ఉండాది. మనిషిని పిలవమని చెప్పి ఎన్ని దినాలాయె?" అని సీనియమ్మాళ్ అడిగేది.

"అంత పెద్ద చుక్కే వెడిచ్చను పోతా ఉండాది, నీకు కొళాయి బాధ!"

"చుక్క ఎప్పుడు వెడిచ్చుతాదో, ఎవరు కండ్రు? కొళాయి ముందే వెడిచ్చి కూర్చోనుండాది. ముందుది ముందు చూడు."

కొళాయి సంగతి చివరికి సీనియమ్మాళే చూసుకుంది. చుక్క సంగతి ఆయన చూసుకున్నాడు.

బస్టాండు దగ్గర టీ కొట్టు సుడలైమాడన్‌ది. అక్కడ అంతా తమిళమే. వారాలు గడిచినా నక్షత్రం పేలకపోయేసరికి సుడలైమాడన్ ఒకనాడు, "అన్నాచ్చీ, మీ నక్షత్రానికి చెమ్మ పట్టినట్టుంది, ఎండలో ఆరబెట్టండి" అన్నాడు. కొట్టంతా నవ్వింది. కానీ శివకాశి పొరుగున పుట్టినవాడెవడూ పేలని టపాకాయను తేలిగ్గా తీసుకోడు. వత్తి కాలి ఊరుకున్నదాని దగ్గరికి వెళ్లకూడదని, దూరం నుంచి బిందెడు నీళ్లు కుమ్మరించాలని అక్కడ పాలు మరిచిన పిల్లలకు కూడా తెలుసు. నల్లసామి ఆ నియమాన్నే ఆకాశానికి ఎక్కించాడు.

"ఒరే సుడలై, చెమ్మ పట్టిందిలే అని దగ్గరికి పోయి ఊదినవాడికి మీసం మిగల్లేదు. కొన్నేళ్ల కిందట ఆ నక్షత్రం ఉన్నట్టుండి మసకబారింది, తెలుసా? దుమ్ము కక్కుకుందని మా అక్క అంటుంది. నేనేమంటానంటే, అది వత్తి."

"వత్తి ఎవరు వెలిగించారు అన్నాచ్చీ?"

"అది నువ్వు వాణ్ణే అడగాల" అని పైకి చూపించి, టీ తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

కయత్తారులో బంధువుల ఇంట నిశ్చితార్థం నాడు జరిగింది మరీ అన్యాయం. కోవిల్‌పట్టి నుంచే వెళ్లిన జోస్యుడు పాలసామి జాతకాలు పరిచి, పిల్లది తిరువాదిరై నక్షత్రమనీ, శానా మేలైనదనీ చెబుతున్నాడు. రాబోయేది గాంధిమతికి అప్పుడే అర్థమైంది. ఆమె తమ్ముడి పంచె అంచు పట్టుకునేలోగా ఆయన గొంతు సవరించుకోనే సవరించుకున్నాడు.

"పాలసామీ, ఒగ సందేహం. నచ్చత్రం మంచిదిదా. కానీ రేపు అది వెడిచ్చిపోతే, ఈ పిల్ల ఏ నచ్చత్రం కిందికి వస్తాది?"

పందిట్లో తాంబూలం నమిలే చప్పుడు ఆగిపోయింది. పెళ్లికొడుకు తల్లి పాలసామి వంక చూసింది. పాలసామి ఎన్నో గండాలు దాటిన మనిషి.

"అది ఏమంత కష్టం నాయక్కరే? పక్కన పునర్పూసం ఉండాది కదా, పునర్వసు. దాంట్లో చేర్చుకుంటాము. ఊరు మారితే రేషన్ కార్డు మార్చుకోమా?"

పెళ్లి చక్కగా జరిగింది. ఆ తరవాత ఆ ఇంటి నుంచి నల్లసామికి ఏ శుభలేఖా రాలేదు.

నక్షత్రం కూలినప్పుడు వెలుగు కంటే కొన్ని గంటల ముందు కంటికి కనబడని రేణువులు బయలుదేరుతాయని, అవి భూమిలోంచీ మన ఒంట్లోంచీ తెలియకుండా దూసుకుపోతాయని గాంధిమతి ఒకసారి నోరు జారింది. ఆ వారమే నల్లసామి సాత్తూరు కారపూస పొట్లం ఒక్కడే ఖాళీ చేసి, పొట్ట పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. "అక్కా, వచ్చేసినట్టుండాది. లోపల ఏమో దూరి పోతా ఉండాది" అన్నాడు. ఆమె వామునీళ్లు కాచి ఇచ్చింది. నక్షత్రం యథాస్థానంలో ఉంది.

ఇదంతా వినోదంగానే ఉండేది, ఆ ఇంట్లో యువరాణి లేకపోతే.

యువరాణి ఆ అక్కాతమ్ముళ్ల చెల్లెలు అళగమ్మాళ్ కూతురు. సాత్తూరు పక్కన ఒక బాణసంచా యూనిట్‌లో పెట్టెలకు కాగితాలు అంటించే పనికి వెళ్లేది. ఒక మధ్యాహ్నం పక్క షెడ్డు పేలింది. యువరాణికి దెబ్బ తగల్లేదు. ఆ షెడ్డులో ఉన్న ఆమె స్నేహితురాళ్లు తిరిగి రాలేదు. వాళ్ల ఊళ్లో సరుకు పరీక్షించే చప్పుళ్లు రోజూ వినిపిస్తాయి. ప్రతి చప్పుడుకూ పిల్ల మూలకు ఒదిగిపోతుంటే చూడలేక, అళగమ్మాళ్ ఆమెను ఆ తైకి ముందే, దీపావళి దగ్గర పడుతుండగా, తెచ్చి అన్న ఇంట్లో దింపింది.

వీధి వీధంతా ఆ పిల్లను కాపాడింది. ఆ మాట ఒప్పుకోవాలి. సీనియమ్మాళ్ కుక్కరు అటక ఎక్కించి కుండలో వండింది. ఎదురింటివాళ్లు దీపావళికి ఒక్క టపాకాయ కాల్చలేదు, పిల్లలను మైదానానికి తోలారు. చూడవచ్చిన వాళ్లు జబ్బు మనిషి మంచం దగ్గర మాట్లాడినట్టు గుసగుసగా మాట్లాడి, కళ్లు తుడుచుకుని వెళ్లేవాళ్లు. వెడి అన్న మాట నోట వచ్చినా మధ్యలోనే మింగేసేవాళ్లు. పిల్ల మాత్రం అంతకంతకూ మౌనంలోకి దిగబడిపోయింది. గడప దాటలేదు. విరుదునగర్‌లో ఒక కాలేజీలో సీటు కోసం గాంధిమతి ఎంతో తిరిగి సాధించింది. ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, వచ్చే ఆడికృత్తిక దాటాక చేరాలి. "పోతావా తల్లీ?" అంటే యువరాణి ద్వారం వంక చూసి తల దించుకునేది. ఈ ఏడు చేరకపోతే ఇక చేరదని గాంధిమతికి అర్థమైంది. బడిలో అలాంటి పిల్లలను ఆమె చూసింది; ఒకసారి మూలకు చేరినవాళ్లకు ఆ మూలే ఇల్లవుతుంది.

సరిగ్గా ఆ ఇంట్లోనే, ఆ పిల్ల చెవిన పడేలా, నల్లసామి దినమంతా వెడి వెడి అని అరుస్తున్నాడు.

గాంధిమతి ఓర్చింది, ఓర్చింది, చివరికి తమ్ముణ్ణి తన ఇంటికి పిలిపించి తలుపు వేసింది.

"ఏమిరా, నీకు గుండె ఉండాదా లేదా?"

"ఉండాది. డాక్టరు చూసినాడు, బాగుండాది అన్నాడు."

"వేళాకోళం ఆడద్దు. ఆ పిల్ల ముందు ఆ మాట ఏంటికి అంటావు? ఊరంతా నోరు కట్టుకొని ఉండాది, నీకు ఒగడికి నోరు కట్టుకోను చేతగాదా?"

"నేను చుక్కను దా అంటిని అక్కా. ఆ పిల్లను ఏమంటిని?"

"నువ్వు మనిషివి కాదు, పో."

ఆయన పోయాడు. పోతూ పోతూ గేటు దగ్గర పాలవాణ్ణి ఆపి, ఈ సాయంకాలం వెడిచ్చే యోగం ఉందని చెప్పి మరీ పోయాడు. గాంధిమతి కిటికీలోంచి అది విని, తమ్ముడికి గుండె లేదన్న తీర్పు ఖరారు చేసుకుంది.

తై తరవాత వచ్చే మాసి నెలలో ఒక సాయంకాలం, ఇంకా పడమర ఎర్రదనం తగ్గకముందే, నల్లసామి మిద్దె మీద మళ్లీ సభ పెట్టాడు. ఎదురింటి రాక్కమ్మాళ్ వడియాలు తీసుకుపోవడానికి వచ్చి ఇరుక్కుంది. పాలసామి దారిన పోతూ దొరికిపోయాడు. మిద్దె మెట్లు ఇంటి లోపలి నుంచే ఉన్నాయి. మెట్ల కింద గదిలో యువరాణి. గాంధిమతి మెట్ల మీద, కోపంగా, మధ్యలో.

"నాయక్కరే, ఆ వెడి సద్దం మనకు ఎంత వినిపిస్తాది?" అని రాక్కమ్మాళ్ అడిగింది. వడియాల కోసమైనా ఏదో ఒకటి అడగాలి కదా.

నల్లసామి మిద్దె పిట్టగోడ మీద చెయ్యి వేసి, కింది వరకూ వినిపించేలా చెప్పాడు: "ఎంతా? శివకాశి సరుకంతా ఒగే కుప్పగా పోసి ముట్టించినా దీని ముందు చిటికె! కోవిల్‌పట్టిలో కిటికీలు పగిలిపోతాయి. విరుదునగర్‌లో గుడి గంట దానంతట అదే మోగతాది!"

గాంధిమతి నోరు తెరిచింది. ఇంత పచ్చి తప్పు తన ఎదుట ఎవరూ చెప్పి ఎరుగరు. కానీ ఆమె కంటే ముందు కింది గదిలోంచి మరొక గొంతు వచ్చింది. చిన్నగా, కొంచెం విసుగ్గా.

"సద్దం రాదు మామా."

రాక్కమ్మాళ్ చేతిలో వడియాల చాట ఒరిగింది. నల్లసామి మాత్రం వినిపించనట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"ఎవురది? ఏమంటివి?"

"సద్దం రాదంటిని. నడుమ గాలి లే. పెద్దమ్మ చెప్పింది."

"పెద్దమ్మ బడిలో చెప్పింది అది. అది బడి గాలి. అంత పెద్ద దానికి గాలి ఉంటే ఏమి, లేకుంటే ఏమి?"

"పెద్దదైనా చిన్నదైనా గాలి లేకుంటే రాదు మామా!" గొంతు ఇప్పుడు గది గడప దగ్గర నుంచి వచ్చింది.

"అట్లయితే కిటికీలు పగలవా?"

"ఒగటీ పగలదు."

"ఎవురికీ కాలదా?"

కొంచెం ఆగి, "కాలదు. ఎవురికీ ఏమీ కాదు. వెలుతురు మట్టుకే వస్తాది" అంది యువరాణి. మెట్ల మీద మొదటి మెట్టు ఎక్కింది.

"నమ్మను. ఆ లోపల కూర్చోని ఎవురైనా చెప్తారు. ముందు ఏ చుక్కో చూపించు, తరవాత నాతో వాదం పెట్టుకో. ఎర్రది అంటే నువ్వు ఏ ట్రాన్స్‌ఫార్మర్ దీపాన్నో చూపిస్తావు!"

ఆ అవమానం యువరాణి తట్టుకోలేకపోయింది. పెద్దమ్మను తోసుకుని, పరికిణీ కుచ్చెళ్లు ఒక చేత్తో పట్టుకుని మిద్దెక్కింది. ఎన్ని నెలల తరవాతో ఆకాశం కింద నిలబడింది. గాలికి కళ్లు చికిలించి, నడినెత్తికి చేరువలో ఎర్రగా మినుకుమంటున్న చుక్క వైపు వేలు చాచింది.

"అదో! అదిదా! ఆ వెడి వెడిచ్చితే పగటిపూట కూడా తెలుస్తాది, సద్దం మాత్రం రాదు. రాదంటే రాదు!"

ఆ మాట తన నోటినుంచే వచ్చిందని ఆమెకు ఒక క్షణం తరవాత తెలిసింది. పెదవి బిగబట్టింది. వీధిలో అదే సమయానికి ఎవరిదో మోటారుసైకిలు డబ్బుమని దగ్గి కదిలింది. పిల్ల ఒళ్లంతా జలదరించింది, చేయి పిట్టగోడను పట్టుకుంది. కానీ కిందికి పరుగెత్తలేదు. ఎందుకంటే మామ అప్పటికే, "ఓడిపోతిని, ఓడిపోతిని! పాలసామీ, విన్నావా, సద్దం రాదంట. జాతకంలో రాసుకో" అని గోల చేస్తున్నాడు. పాలసామి, "సద్దం లేని పెళ్లాం దొరికినా బాగుండు" అన్నాడు. రాక్కమ్మాళ్ నవ్వింది. యువరాణి కూడా, చాలా ఆలస్యంగా, నవ్వింది.

మర్నాడు పొద్దున గాంధిమతి తమ్ముడి అరుగు మీదికి వచ్చి నిలబడింది. రాత్రంతా ఆమె సాక్ష్యాలు పేర్చుకుంది. ఒకటి: చుక్క పిచ్చి పుట్టింది యువరాణి వచ్చిన తరవాతే. రెండు: పొలంలో, మిల్లులో తమ్ముడు దాని ఊసెత్తినట్టు ఎవరూ చెప్పలేదు. బస్టాండులోనూ కయత్తారులోనూ అన్న మాటలు తీసేస్తే, అరిచిందంతా ఇంటి చుట్టుపక్కల, వీధి మలుపులో, పిల్లను చూడవచ్చే బంధువుల నడుమ.

"సద్దం రాదని నీకు తెలుసా, తెలియదా?"

"తెలియకేమి? మొదటి దినమే నువ్వు చెప్తివి కదా. లచ్చ ఏండ్లు పట్టచ్చు అని కూడా చెప్తివి."

"మరి తప్పు ఏంటికి చెప్తివి?"

నల్లసామి వేరుసెనగ మిఠాయి ముక్క ఒకటి నోట్లో వేసుకుని నింపాదిగా నమిలాడు. "అంతా ఒప్పుగా నేనే చెప్పేస్తే, ఆ పిల్లకు చెప్పను ఏముంటాది అక్కా?"

ఎన్నో వేలమంది పిల్లలకు గాంధిమతి పాఠం చెప్పింది. ఒక్కరి ముందైనా కావాలని తప్పు చెప్పిన గుర్తు లేదు.

"అందరూ ఆ మాటను మింగి మింగి, పిల్ల ముందర శవం పెట్టినట్టు కూర్చోనుండ్రి" అన్నాడు ఆయన. "ఎవురో ఒగరు ఆ మాటను నవ్వులాటలోకి లాగకపోతే ఎట్ల? నాకు ఎట్లాగూ ఊళ్లో పెద్ద పేరు లే. పోతే ఏం పోయె?"

"అయితే ఇన్నాళ్లూ ఆడింది నాటకమా?"

నల్లసామి నొచ్చుకున్నాడు. "నాటకం ఏమి అక్కా? చుక్క వెడిచ్చేది నిజందా. అది వేరే, ఇది వేరే."

ఆడి వెళ్లింది. యువరాణి విరుదునగర్ కాలేజీలో చేరింది. మొదటి రోజు బస్సులో సాత్తూరు దాటేదాకా కళ్లు మూసుకుని, కిటికీ కమ్మీ వదల్లేదని ఆమే వచ్చి చెప్పింది. రెండో వారానికి సాత్తూరు దగ్గర కళ్లు తెరిచింది. ఇప్పటికీ ఎదురింటి కుక్కరు కూతకు ఉలిక్కిపడుతుంది. సీనియమ్మాళ్ తన కుక్కరును అటక మీంచి దించలేదు. అలాంటివి ఒక సాయంకాలంలో పోయేవి కావని గాంధిమతికి తెలుసు, ఆ పిల్లకూ తెలుసు.

కాబట్టి సాక్ష్యాలన్నీ చూసిన మీదట చెప్పవలసింది ఇది. నల్లసామి నాయక్కరు నక్షత్రాన్ని కనిపెట్టలేదు, జోస్యం చెప్పలేదు, ఎవరి భయాన్నీ మాన్పలేదు. ఆ నక్షత్రం పేలనూ లేదు. ఊరంతా గొంతు తగ్గించుకున్న చోట ఆయన గట్టిగా ఒక తప్పు మాట అన్నాడు. దాన్ని సరిదిద్దే పని ఒక పిల్లకు వదిలిపెట్టాడు. ఆమె లేచి వచ్చి సరిదిద్దింది. ఆయన చేసింది అంతే.